రేగ్మాల్ నక్కో

మా ఇంట్లో ఒక తఖత్ ఉంది. టేకు తఖత్. ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు, ఖరాదు పట్టిన నాలుగు మందపాటి కాళ్లు. అమ్మీ దాని మీదే నమాజు చదువుతుంది, దాని మీదే కూరగాయలు తరుగుతుంది, దాని మీదే పడుకుంటుంది. మేము నలుగురం. ముగ్గురం ఆ తఖత్ మీదే పుట్టాం. చిన్నోడొక్కడు సర్కారు దవాఖానలో పుట్టాడు.

ఆ చిన్నోడే జిద్దాలో పదకొండేళ్లు పనిచేసి వచ్చి, రంజానుకు ముందు ఒకనాడు తఖత్ మీద చెయ్యి పెట్టి, "ఇది కట్టెనా, తారా?" అన్నాడు. అన్నదాంట్లో తప్పేం లేదు. తఖత్ నల్లబడిపోయింది. గోరుతో గీస్తే గోరు కింద జిడ్డు పేరుకుంటుంది. ఎండాకాలం పడుకుంటే ఒంటికి అంటుకుంటుంది.

"రేపు సాండింగు మిషను కిరాయికి తెస్తా. గంటల తెల్లగ చేసి పడేస్తా. మీద మెలమైన్ కొట్టిద్దాం. కొత్తదాని లెక్క అయితది" అన్నాడు.

అమ్మీ జానమాజు మడత పెట్టుకుంటూ ఒక్కటే మాట అన్నది. "రేగ్మాల్ నక్కో, బేటా."

రేగ్మాల్ అంటే ఉప్పుకాగితం. నక్కో అంటే వద్దు. దక్నీ చెవిన పడ్డవాళ్లకు తెలుసు, ఆ 'నక్కో'కు మారు మాట ఉండదు. ఎందుకు వద్దో అమ్మీ చెప్పలేదు. మాకు తెలిసింది పని మొదలుపెట్టిన తర్వాతనే.

*

మా తెలుగు మిత్రులు ఇంటికొస్తే ముందు ఈ తఖత్‌నే చూస్తారు. "నవాబుల కాలం నాటిదా?" అని అడుగుతారు. ప్రేమగానే అడుగుతారు. వాళ్ల దృష్టిలో ముస్లిం అంటే ఎక్కడో ఒక దేవిడీ, ఒక షేర్వానీ, ఒక హుక్కా ఉండి తీరాలి. మా తాతలెవరూ నవాబులు కారు. మేము పాలిషోళ్లం. దాదా పాలిష్ చేశాడు, అబ్బా పాలిష్ చేశాడు. నల్లగొండ జిల్లాలో ఒక దొర గడీలో దాదా కుర్చీలకు, మంచాలకు, తలుపులకు చపడా పట్టేవాడు. కుర్చీకి మెరుపు తెచ్చి, దాని పక్కన నేల మీద కూర్చుని, వేరుగా పెట్టిన గిన్నెలో నీళ్లు తాగి వచ్చేవాడు. అబ్బా కూడా పట్నంలో బంగళాలకు పనికి పోయినప్పుడు కింద కూర్చునే అన్నం తిన్నాడు. అడిగితే "బట్టలకు స్పిరిట్ వాసన గదా, కుర్చీకి అంటుతది" అనేవాడు. అది నిజమైన కారణం కాదని ఆయనకూ తెలుసు, మాకూ తెలుసు.

ముస్లింలలో కూలీలుంటారని చెప్తే ఇప్పటికీ కొందరు ఆశ్చర్యపోతారు. 2007లో ఉమ్మడి రాష్ట్రంలో 4 శాతం రిజర్వేషన్ చట్టం వచ్చినప్పుడు ఆ జాబితా పేపర్లో చదివాం. అత్తరు సాయిబులు, గారడీ సాయిబులు, తురక చాకళ్లు, హజాంలు, ఫకీర్లు, రాళ్లకు గంట్లు పెట్టేవాళ్లు. దూదేకులవాళ్లయితే అంతకు ముందు నుంచే బీసీల్లో ఉన్నారు. ఒక్కొక్క పేరు వెనకా ఒక పనిముట్టు కనిపించింది. ఆ జాబితాలో నవాబు లేడు.

*

చపడా అంటే ఏమిటో ఇప్పటి పిల్లలకు తెలియదు. లక్క పురుగు మోదుగ, రేగు, కుసుమ చెట్ల కొమ్మల మీద విడిచే బంక అది. దాన్ని గీకి, కడిగి, కరిగించి, పలచని రేకుల్లా సాగదీస్తే చపడా. పాండవుల కోసం కట్టిన లక్క ఇల్లు ఈ సరుకుతోనే కట్టారంటారు. లాడ్ బజారులో గాజుల మీద అద్దాలు పొదిగేదీ లక్క మీదే. ఆ ఇల్లూ ఆ గాజూ ఒకే పురుగు బంక. ఇందులో మతం ఎక్కడుందో మేమెప్పుడూ వెతకలేదు.

చపడా స్పిరిట్‌లో కరుగుతుంది, తార్పీనులో కరగదు. మైనం తార్పీనులో కరుగుతుంది. ఈ రెండు ముక్కలు తెలిస్తే సగం పని తెలిసినట్టే అనేవాడు అబ్బా. ఏది దేంట్లో కరుగుతుందో తెలియనివాడు మురికితో పాటు అసలు పాలిష్‌నూ ఊడ్చేస్తాడు. ఇంకా తెలియనివాడు చెక్కనే ఊడ్చేస్తాడు.

మా తఖత్ మీద అట్టడుగున దాదా పట్టిన చపడా ఉంది. దాని మీద పేరుకున్నది మా బతుకే. బుడ్డి దీపం మసి, ఊదు పొగ, తలకు రాసుకున్న కొబ్బరినూనె, నలుగురు పిల్లల చెమట. ఏటా పండక్కి ముందు అమ్మీ మైనం కరిగించి గుడ్డతో రుద్దేది. పాత మైనం తీయకుండానే కొత్త మైనం. అబ్బాకు ఊళ్లోవాళ్ల సామాను పాలిష్ చేయడానికే పొద్దు సరిపోయేది, సొంత ఇంటి తఖత్‌కు తీరిక దొరికేది కాదు. ఆయన 2009లో పోయాక చిన్నోడు జిద్దా నుంచి పంపిన డబ్బులతో ఎవరో సీసాలో అమ్మే ఫర్నిచర్ పాలిష్ కొనిచ్చారు. అమ్మీ అదీ పూసింది. పైపైన మెరిసేది. ప్రతి మెరుపు కింద ఒక ఏడాది మురికి బందీ అయ్యేది.

*

మా మీద కూడా అట్లాగే పూస్తూ వచ్చారు.

1948 తర్వాత పూసిన పొర పేరు రజాకార్. రజాకార్లు చేసిన దుర్మార్గాలు మేము కాదనం. ఆ దుర్మార్గాలను రాసినందుకు 'ఇమ్రోజ్' సంపాదకుడు షోయబుల్లా ఖాన్‌ను 1948 ఆగస్టులో నరికి చంపారు. దొర మీద కేసు గెలిచిన బందగీని 1940లోనే దొర మనుషులు చంపారు. మఖ్దూం ఎవరో చెప్పనక్కర్లేదు. ఈ పేర్లన్నీ ఉన్నా, మా దాదా లాంటి పాలిషోడు కూడా పోలీసు చర్య రోజుల్లో రజాకారే అయ్యాడు. గడ్డం, లుంగీ ఉంటే చాలు. ఆ ఏడాది హైదరాబాద్ రాజ్యంలో 27 వేల నుంచి 40 వేల మంది దాకా చచ్చిపోయారని సుందర్‌లాల్ కమిటీ అంచనా వేసింది. ఆ నివేదిక జనం చదివేలా బయటికి రావడానికి 2013 దాకా పట్టింది. మా దాదాను, దాదీని, పిల్లలను పక్కింటి కుమ్మరి మల్లయ్య మామ తన ఆవుల కొట్టంలో మూడు వారాలు దాచాడు. తఖత్‌ను కూడా దాచాడు. ఈ కథ ఇంట్లో వంద సార్లు విన్నాం.

1992 తర్వాత పూసిన పొర ఇంకోటి. అప్పుడు మేము అద్దె ఇంట్లో ఉన్నాం. ఖాళీ చేయమన్నారు, చేశాం. ఆ తర్వాత నాలుగు నెలల్లో పంతొమ్మిది ఇళ్లు చూశాం. మా తెలుగు విని గేటు దగ్గర నవ్వుతూ తలుపు తీసేవాళ్లు. పేరు అడిగేవాళ్లు. పేరు చెప్పాక "మా బావగారి అబ్బాయి వస్తున్నాడండీ, మరిచేపోయాను" అనేవాళ్లు. ఒకావిడ మాత్రం నిజం చెప్పింది. "మీరు మంచోళ్లే అమ్మా, కానీ వాసన." అమ్మీ ఆ రోజు తఖత్ మీద కూర్చుని చాలాసేపు తన కొంగు తనే వాసన చూసుకుంది. ఊదు వాసన, ఉల్లిగడ్డ వాసన. అందరి ఇళ్లలో ఉండే వాసనలే.

తోపుడు బండి మీద తఖత్‌ను అయిదిళ్లు మార్చాం. ప్రతిసారీ ఓ మూల చెక్క రాలింది.

*

పొరలు పూసేవాళ్ల సంగతి అది. గీకేవాళ్లు కూడా వచ్చారు. నిజానికి మమ్మల్ని ఎక్కువ భయపెట్టింది వీళ్లే.

ఒక దిక్కు నుంచి ఒకాయన వచ్చి, "ఎన్ని చెప్పినా మీరు ఒకప్పుడు మావాళ్లే గదా. పైదంతా గీకేస్తే లోపల మీరూ మేమూ ఒకటే" అంటాడు. వినడానికి కమ్మగా ఉంటుంది. కానీ ఆ గీకడంలో పోయేది మా పేరు, మా నమాజు, మా దాదీ పాడిన జోలపాట. అవన్నీ పోయాక మిగిలేది తను అనుకున్న చెక్క.

ఇంకో దిక్కు నుంచి మా ఇంటి వాళ్లే వచ్చారు. "పీర్ల పండుగ నక్కో. దర్గా నక్కో. కందూరు నక్కో. అవన్నీ మురికి. గీకెయ్యండి. లోపల అసలు దీన్ ఉంది" అన్నారు. వాళ్ల భక్తిని మేము అనుమానించం. కానీ మా ఊళ్లో పీర్లను ఎత్తేది గొల్లవాళ్లు, అలావా తవ్వేది మాదిగవాళ్లు, ఫాతెహా చదివేది మా దాదా. దాన్ని గీకేస్తే మా దీనుకు ఏం లాభమో గానీ, మల్లయ్య మామ ఇంటితో ఉన్న దారం తెగుతుంది. 1948లో ఆ దారమే మా ప్రాణం నిలిపింది.

చిన్నోడు ఈ మాటలకు కొంత వింటాడు, కొంత తల అడ్డంగా ఊపుతాడు. అక్కడ పదకొండేళ్లు ఉన్నవాడు. "మనం చేసేది సగం అక్కడ ఎవరూ చెయ్యరు, అక్కా" అంటాడు. "అక్కడ మల్లయ్య మామ లేడు గదరా" అంటుంది అక్క. ఇద్దరూ మానెయ్యరు. మా ఇంట్లో ఈ వాదన ఇంకా తెగలేదు. తెగిందని రాస్తే అబద్ధం అవుతుంది.

*

అమ్మీ వద్దన్నది కాబట్టి మిషను రాలేదు. అబ్బా పద్ధతిలోనే చేశాం. ఆయన దగ్గర చూసి నేర్చుకున్నదే.

ముందు పొడి గుడ్డతో దుమ్ము తీశాం. తర్వాత లోపలి వైపు, కాలి మూల, ఎవరికీ కనిపించని చోట పరీక్ష చేశాం. దూది తార్పీనులో ముంచి అద్దితే దూది గోధుమరంగు అయ్యింది, కింద నిగనిగ అట్లాగే ఉంది. అంటే పైనున్నది మైనం. అదే చోట వేరే దూదితో స్పిరిట్ చుక్క పెడితే వేలికి బంకలా తగిలింది. అంటే కింద చపడా బతికే ఉంది. రెండింటికీ కదలకపోతే అది వార్నిషో మెలమైనో అని అర్థం, దాని దారి వేరు. కిటికీలన్నీ తెరిచాం. పొయ్యి ఆర్పించాం. స్పిరిట్, తార్పీను రెండూ నిప్పును దూరం నుంచే పిలుస్తాయి. ఆ ఆవిరి తలకెక్కుతుంది కూడా.

నీళ్లు వాడాం, కానీ గట్టిగా పిండిన గుడ్డతో, కొద్దిగా సబ్బు కలిపి. తుడిచిన వెంటనే పొడి గుడ్డ. నీళ్లు నిలిస్తే చపడా తెల్లగా పూత పూస్తుంది.

అసలు పని తార్పీనుది. జానెడు జాగా తీసుకోవాలి. గుడ్డ తడిపి, రేషా వెంట, అంటే చెక్క గీతలు పోయిన దిక్కుకే రుద్దాలి. మైనం మెత్తబడి లేస్తుంది. అది ఆరకముందే శుభ్రమైన గుడ్డతో ఎత్తాలి. ఆరితే మళ్లీ అక్కడే అంటుకుంటుంది. గుడ్డ మార్చుతూ ఉండాలి. మురికి గుడ్డతో తుడిస్తే ఇక్కడి మురికి అక్కడికి పోతుంది, అంతే. ఖరాదు గీతల్లో పళ్ల బ్రష్షు, వెదురు పుల్ల వాడాం. ఇనుము ముట్టనివ్వలేదు. ఒక్కొక్క జానెడుకు మూడుసార్లు, నాలుగుసార్లు పట్టింది. మొత్తం అయిదు రోజులు. పాత చీరలు రెండు, బనియన్లు ఆరు నల్లబడిపోయాయి. రాత్రిపూట ఆ గుడ్డలను ఉండ చుట్టి పడేయకుండా వాకిట్లో తీగ మీద విప్పి ఆరేశాం. అవిసె నూనె తడిసిన గుడ్డలు ఉండచుట్టి పెడితే వాటంతట అవే అంటుకుంటాయని, అబ్బా ఏ గుడ్డనూ ఉండ చుట్టనిచ్చేవాడు కాదు.

రెండో రోజు తల వైపు మూల దగ్గర సొట్ట బయటపడింది. రూపాయి బిళ్లంత, చెక్క లోపలికి అణిగి ఉంది. అమ్మీ చూడగానే గుర్తుపట్టింది. మల్లయ్య మామ కొట్టంలో కోడెదూడ కాలు పెట్టిన చోటు అది. దాదీ తనకు చూపించిందట. మేము కథ విన్నాం, ఆ సొట్టను మాత్రం ఎన్నడూ చూడలేదు. మైనం దాన్ని నింపేసింది.

మూడో రోజు నీలి సిరా మరక. దాని పక్కన పెన్ను ములికితో లోతుగా దిగిన 'అ' అక్షరం. మాలో పెద్దోడు అక్షరాలు దిద్దుకున్న చోటు. "మీకు తెలుగు ఇంత బాగా ఎట్లా వచ్చండీ?" అని అడిగేవాళ్లకు ఇకనుంచి ఆ 'అ' చూపిద్దామని నవ్వుకున్నాం.

నాలుగో రోజు చిన్నోడే చూశాడు. కాళ్ల వైపు అడ్డపట్టీ లోపలి ముఖం. గోడ పక్కకు ఉండేది, ఎవరూ తుడవనిది. మైనం లేస్తుంటే గీతలు కనిపించాయి. మేకుతో గీసిన నిలువు గీతలు. అయిదేసి గీతలకు ఒక అడ్డగీత. లెక్కపెట్టాడు. మొత్తం ఇరవై మూడు.

ఫుప్పూకు ఎనభై దాటాయి. అబ్బా కంటే పెద్దది. ఆమెను ఆటోలో తీసుకొచ్చి చూపించాం. కళ్లు సరిగ్గా ఆనవు. వేళ్లతో తడిమింది. తడిమి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"మీ దాదావి రా ఇవి. అబ్బాజాన్‌కు చదువు రాదు. ఏ సామాను పాలిష్ చేస్తే దాని కిందనే పనికి పోయిన దినాలు గీసుకునేటోడు. దొరకు లెక్క చెప్పాలె గదా. ఇరవై మూడు దినాల కూలి ఇయ్యలే. సంగపోళ్లు వస్తున్నరని దొర పట్నం పారిపోతూ, పైసల్లేవు, దీన్నే తీసుకపో అన్నడు. ఒక కాలు విరిగిందని ఇచ్చిండు. బండి మీద తెచ్చిన దినం నాకు ఎరుకే."

ఎవరం మాట్లాడలేదు. చిన్నోడు ఆ పట్టీ దగ్గరే నేల మీద కూర్చున్నాడు. మిషను పెట్టి ఉంటే ఆ గీతలు, ఆ సొట్ట, ఆ 'అ' గంటలో పొడి అయిపోయేవి. చీపురుతో ఊడ్చి బయట పోసేవాళ్లం. తఖత్ మాత్రం కొత్తదానిలా, ఎవరిదైనా కావచ్చు అన్నట్టు ఉండేది.

నవాబుల కాలం నాటిదా అని అడిగేవాళ్లకు ఇన్నాళ్లూ నవ్వి ఊరుకున్నాం. ఇప్పుడు జవాబుంది. ఇది ఇరవై మూడు రోజుల కూలి.

*

అయిదో రోజు ఆరనిచ్చాం. రాత్రి చపడా నానబెట్టాం. లీటరు స్పిరిట్‌కు నూటయాభై గ్రాములు, అబ్బా కొలత. పొద్దున పలచని గుడ్డలో వడకట్టాం. పాత మల్‌మల్ గుడ్డలో దూది మూట కట్టి, ముంచి, పిండి, పలచగా పట్టించాం. చెయ్యి ఆగకూడదు. ఆగిన చోట మూట అంటుకుని కింది పూతను లేపుతుంది. ముసురు పట్టిన రోజు పాలిష్ చేయకూడదంటారు, గాలిలో తేమకు తెల్లబడుతుంది. మా అదృష్టం, ఎండ కాసింది. పాత చపడా కొత్త చపడాను కలుపుకుంది. దీని గుణమే అది. కొత్త పూతలోని స్పిరిట్ పాతదాన్ని కొద్దిగా కరిగిస్తుంది, రెండూ ఒకటై ఆరతాయి. చివరన తేనె మైనం, తార్పీనులో కరిగించి, ఉందా లేదా అన్నంత పలచగా.

ఒక్క చోట మాత్రం ఏమీ పట్టలేదు. అంచు దగ్గర, అరచెయ్యంత వెడల్పున, రెండు చోట్ల చపడా పూర్తిగా అరిగిపోయి చెక్క కనిపిస్తోంది. అమ్మీ మోకాళ్లు పోయినప్పటి నుంచి, కిందికి దిగేటప్పుడల్లా రెండు చేతులు అక్కడే ఆనిస్తుంది. రోజుకు అయిదు పూటల నమాజు, ఎన్నో ఏళ్లు. చిన్నోడు మూట పట్టుకుని అక్కడి దాకా వచ్చి ఆగాడు. అమ్మీ వైపు చూశాడు.

"ఉండనియ్యి" అన్నది అమ్మీ.

ఇప్పుడు తఖత్ తేనె రంగులో ఉంది. మేము అడిగేది కూడా ఇంతే. మా మీద మీరు పూసింది మీరే తుడవండి, మేము పూసుకున్నది మేము తుడుచుకుంటాం. మాకు చేతనైన పనే అది. గీకడానికి మాత్రం ఎవరూ రావద్దు, ఏ దిక్కు నుంచీ వద్దు. కింద దినాల లెక్క ఉంది. ఇంకా చెల్లని కూలి ఉంది.

రేగ్మాల్ నక్కో.